మడత విప్పే చేయి

ప్రొద్దుటూరుకు రెండో బొంబాయి అని పేరు తెచ్చింది బంగారం, బట్టల వ్యాపారమే. పెళ్లి కుదిరితే జమ్మలమడుగు, పులివెందుల వాళ్లు కూడా ఇక్కడికే బస్సెక్కుతారు. షావుకార్ల గురించి అందరూ చెబుతారు. నా మెప్పు మాత్రం పరుపు మీద చీరలు పరిచే గుమాస్తాకు.

పెళ్లివారంటే ఎంతమందో అన్ని అభిప్రాయాలు, పైన ఇంకోటి.

"ఇదే రంగులో అంచు ఇంకొంచెం పెద్దది లేదాన్నా?"

"ఉందక్కా, సూపిస్తా."

అయిదున్నర మీటర్ల చీర ఒక్క విసురుకు తెరుచుకుంటుంది. కొంగు సరిగ్గా పెళ్లికూతురి తల్లి ముందే పడుతుంది. జరీ నలగకుండా పాత మడత గీతల మీదే మళ్లీ మడత వేయడం చూడాలి. చేతులు ఆ పనిలో ఉంటే చూపు మాత్రం ధర చీటీ తిప్పి చూసే పెద్దాయన మొహం మీద. ఆ మొహాన్ని బట్టే తర్వాతి కట్ట అరలోంచి దిగుతుంది.

కొనేవాళ్ల విసుగూ అబద్ధం కాదు. వెయ్యి లోపు అడిగితే మూడు వేలవి పరిచేవాళ్లుంటారు. గుట్టంతా విప్పించి "మళ్లొస్తాం లే" అని లేచేవాళ్లూ ఉంటారు. మాట పడేది మాత్రం గుమాస్తానే: ఇటు బేరగాళ్లతో, అటు గల్లాపెట్టె దగ్గర.

షోరూముల్లో పరుపులు పోయి కౌంటర్లొచ్చాయి. ఆడపిల్లలు పొద్దస్తమానం నిలబడే అమ్మాలి. కోళికోడ్ దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు గొడవ చేయబట్టి 2018లో కేరళలో కూర్చునే హక్కు చట్టానికెక్కింది. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది. మన కౌంటర్ల వెనక ఒక్కో స్టూలు వేస్తే షావుకారు సొమ్మేం పోదు.