ఇష్టాధీన ఉద్యోగం: సమానత్వ వాదనపై విమర్శ

యజమాని కారణం చెప్పకుండా, నోటీసు ఇవ్వకుండా ఉద్యోగిని తొలగించవచ్చు. ఉద్యోగి కూడా అలాగే మానుకోవచ్చు. అమెరికాలో దీనిని ‘ఎట్ విల్’ ఉద్యోగం అంటారు. మనం ఇష్టాధీన ఉద్యోగం అందాం. 1877లో హొరేస్ వుడ్ అనే న్యాయ రచయిత దీనిని సూత్రీకరించాడు. మోంటానా తప్ప అక్కడి రాష్ట్రాలన్నింటిలో నేటికీ ఇదే సాధారణ నియమం. జాతి, మతం, లింగం వంటి కారణాలతో తొలగించడాన్ని మాత్రం చట్టాలు నిషేధించాయి.

స్వేచ్ఛ ఇద్దరికీ సమానమే కదా అన్నది దీనిని సమర్థించేవారి ప్రధాన వాదన. దీనిని పరీక్షిద్దాం. ఉద్యోగి మానుకుంటే యజమాని మరొకరిని వెతుక్కుంటాడు. యజమాని తొలగిస్తే ఉద్యోగికి ఇంటి అద్దె, పిల్లల ఫీజు, అప్పు వాయిదా అన్నీ ఒకేసారి మీద పడతాయి. హెచ్-1బి వీసాపై వెళ్లిన మన తెలుగువారికి సాధారణంగా గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆలోగా మరో యజమాని దొరకక, వీసా హోదా కూడా మారకపోతే దేశం విడవాలి. హక్కు సమానంగా కనిపిస్తున్నా నష్టం సమానం కాదు.

భారత సుప్రీంకోర్టు 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో ఈ అసమానతనే గుర్తించింది. మూడు నెలల నోటీసుతో, కారణం లేకుండా శాశ్వత ఉద్యోగిని తొలగించవచ్చన్న ఒక ప్రభుత్వ సంస్థ నిబంధనను కొట్టివేసింది. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని సెక్షన్ 25-ఎఫ్ ప్రకారం ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుని రిట్రెంచ్‌మెంటుకు కారణం తెలిపే నెల నోటీసు లేదా నెల వేతనం, సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాల్సి ఉండేది. పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 కూడా ఈ రక్షణను కొనసాగించింది.

అయితే మన దేశంలో ఇష్టాధీన ఉద్యోగం లేదని చెప్పగలమా? జూపాడు బంగ్లా మండలంలో నాట్లకు, కోతలకు వెళ్లే కూలీని గమనించండి. పొద్దున పిలుపు వస్తే పని ఉంటుంది, రాకపోతే లేదు. నియామక పత్రం లేదు, హాజరు పట్టీ లేదు. ఒకే యజమాని దగ్గర పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే నిరంతర సర్వీసుగా లెక్కిస్తారు. దానిని రుజువు చేసే బాధ్యత కార్మికునిదేనని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. కాగితం లేని మనిషి రుజువు ఎక్కడి నుంచి తెస్తాడు? చట్టం నిరాకరించిన విధానమే పొలం గట్టున పేరు లేకుండా నడుస్తోంది.

మీలో చాలామంది పనిచేస్తూ చదువుకుంటున్నవారే. మీ నియామక పత్రాన్ని ఒకసారి చదవండి. జీతం చీటీలు, హాజరు కార్డులు భద్రపరచుకోండి. హక్కు చట్టంలో ఉన్నా, దానిని నిలబెట్టేది మీ చేతిలోని కాగితమే.