గీత పడకుండా తలుపు తీసే నేర్పు

2020 లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలని కార్లు కొన్ని, యజమాని రిమోట్ నొక్కితే ఉలకలేదు, పలకలేదు. బండి ఆగి ఉన్నా అలారం, గడియారం కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 12 వోల్టుల బ్యాటరీ అలా అడుగంటుతుంది.

అప్పుడు గుర్తొచ్చేది మారుతాళాలు చేసే మనిషి.

చాలా రిమోట్లలోనే చిన్న తాళంచెవి దాగి ఉంటుంది. అది దూరే రంధ్రం కొన్ని కార్లలో తలుపు పిడి దగ్గర మూత కింద ఉంటుంది. వాడక బిగుసుకుపోయిన తాళాన్ని పనితెలిసినవాడు బలవంతంగా తిప్పడు. స్ప్రే కొట్టి, ఆగి, మెల్లగా కదుపుతాడు. అదీ కుదరకపోతే తలుపు సందులో పల్చటి గాలిసంచి దూర్చి, పంపుతో ఉబ్బించి, ఆ కాస్త సందులోంచి పొడవాటి కడ్డీతో లోపలి గొళ్లెం లాగుతాడు. అద్దం పగలదు, రంగు చెదరదు. ఆ వేళ్ల నేర్పుకు ఎంతిచ్చినా తక్కువే!

ఇక బానెట్ తెరిచి, మరో బ్యాటరీకి జంపర్ కేబుళ్లు కలపడమే మిగిలింది.