ఆరబెట్టిన చుక్క

వేలి కొన పొడిచాక వచ్చే మొదటి చుక్కను దూదితో తుడిచేస్తారు. రెండోదే కావాలి. దళసరి వడపోత కాగితం మీద అచ్చువేసిన వలయానికి చుక్క తగలాలి, వేలు తగలకూడదు. రక్తం తనంతట తాను ఇంకి, కాగితం వెనక వైపు కూడా వలయం నిండాలి. చాల్లేదని పైన మరో చుక్క వేస్తే ఆ కార్డు పాడైనట్టే. సీతంపేట ఏజెన్సీలో ఏడుస్తున్న సవర గిరిజన పిల్లాడి చెయ్యి పట్టుకుని ఈ పని తప్పులేకుండా చెయ్యడం గొప్ప నేర్పు.

జన్యువ్యాధుల పరిశోధన కోసం రక్తం, డీఎన్‌ఏ దాచే చోటును బయోబ్యాంకు అంటున్నాం. ఆ మాట వినగానే పొగలు కక్కే నైట్రోజన్ పీపాలు గుర్తొస్తాయి. నా మటుకు దాని పనితనం ఈ కాగితం దగ్గరే మొదలవుతుంది.

ఉదాహరణకు, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకు మూలం బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం. ఇంత తెలిసిన జబ్బుకు నమూనాలు దాచడం ఎందుకు? అదే మార్పు ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు నొప్పులతో మాటిమాటికీ ఆసుపత్రి పాలవుతారు, ఇంకొకరు బడికెళ్లి ఆడుకుంటారు. పుట్టాక తగ్గిపోవలసిన పిండ హిమోగ్లోబిన్ కొందరిలో ఎక్కువగా మిగిలి కాపాడుతోందని తెలుసు. ఇంకా ఏ జన్యువులు తోడవుతున్నాయో తేలాలంటే, ఇవాళ తీసిన రక్తం పదిహేనేళ్ల తర్వాత కూడా జవాబు చెప్పగలగాలి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందిని పరీక్షించాలని తలపెట్టింది. పరీక్ష జబ్బు ఉందనో లేదనో చెబుతుంది. దాచేవాళ్ల పని ఆ తర్వాతది.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ చందక్ బృందం సికిల్ సెల్ జన్యుపరీక్షను ఎండిన చుక్కతోనే చేసేలా రూపొందించింది. కొండ ఊళ్లకు అది పెద్ద మేలు. ఐసు పెట్టె అక్కర్లేదు. నీడలో మూడు నాలుగు గంటలు ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లంతో కలిపి సంచిలో మూస్తే 700 కిలోమీటర్లు దాటి వెళ్లినా చెడదు. దాని శత్రువు తేమ. శ్రావణంలో దండెం మీద బట్టలే ఆరని ఊళ్లో కార్డు నిజంగా ఆరిందా లేదా అని ఆగి చూసే ఓపిక కావాలి.

ప్లాస్మా కావాలంటే మాత్రం ఊదారంగు మూత గొట్టం తప్పదు. రక్తం తీసిన వెంటనే దాన్ని ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి. ఊపితే ఎర్రకణాలు పగిలిపోతాయి. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వే చేతులను చూసినవారికి ఆ మెల్లదనం ఏమిటో చెప్పక్కర్లేదు. యంత్రంలో గిరగిరా తిప్పాక పైన పసుపు ప్లాస్మా, అడుగున ఎరుపు, నడుమ మీగడంత పలచని తెల్ల పొర. డీఎన్‌ఏ ఉండేది ఆ మీగడలోనే. ప్లాస్మాను ఒకే సీసాలో ఉంచరు. అవసరమైనప్పుడల్లా మొత్తం కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే అందులోని ప్రోటీన్లు దెబ్బతింటాయి. అందుకే చిన్న చిన్న సీసాల్లోకి పంచుతారు.

నాకు అన్నిటికన్నా నచ్చినది నమూనాతో పాటు నింపే పత్రంలో ఒక గడి: చివరిసారి రక్తం ఎప్పుడు ఎక్కించారు? అది ఖాళీగా ఉంటే, దాతల ఎర్రకణాలతో నిండిన నమూనాను పిల్లాడిదే అనుకుని హిమోగ్లోబిన్ లెక్కలు కడతారు. ఎంత ఖరీదైన ఫ్రీజరూ ఆ తప్పును దిద్దలేదు.

సమ్మతి సంగతీ అంతే. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటల్లోనే వాచకాలు రాశారు. ఆ నేల మీద సమ్మతి పత్రం తెలుగులో గబగబా చదివి వేలిముద్ర వేయించుకోవడం అన్యాయం. రక్తం ఎందుకు దాస్తారో, ఎవరు చూస్తారో తల్లికి ఆమె భాషలో అర్థమవ్వాలి. వద్దనుకుంటే సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ హక్కు కాగితం మీద మిగిలిపోకూడదంటే, వేల సీసాల్లోంచి ఆమె బిడ్డ సీసాను వెతికి తియ్యగలగాలి. పేర్ల పట్టిక ఒకచోట, సంకేత సంఖ్యలు మరోచోట, ఏ ఫ్రీజరు, ఏ అర, 81 గళ్ల పెట్టెలో ఎన్నో గడి అన్న లెక్క ఇంకోచోట ఉంటాయి. మామూలు చీటీ ఫ్రీజరు చలికి ఊడిపోతుంది, మామూలు సిరా స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది. అందుకే చలిని తట్టుకునే చీటీలు, వాటి మీద బార్‌కోడ్లు.

జీనోమ్ ఇండియా పథకం 83 జనసమూహాల నుంచి సేకరించిన 20,000 నమూనాలు బెంగళూరులోని బయోబ్యాంకులో భద్రంగా ఉన్నాయి. 2023లో వైద్య కళాశాల మొదలైన విజయనగరంలోనో, శ్రీకాకుళంలోనో అలాంటిదే చిన్నది ఒకటి రావాలని నా కోరిక. మంచి కేంద్రంలో ఒకరి సీసాలన్నీ ఒకే ఫ్రీజరులో పెట్టరు, రెండింటికి పంచుతారు. పక్కన మూడోది ఖాళీగా, మైనస్ 80 డిగ్రీల దగ్గర రాత్రింబవళ్లు నడుస్తూ ఉంటుంది. ఏదైనా ఆగిపోతే పెట్టెలు మార్చడానికి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక అక్కడి ఉద్దానం ప్రాంతం కరెంటు లేక రోజుల తరబడి చీకట్లో ఉంది. మా జిల్లాల్లో అలాంటి కేంద్రం కడితే నేను మొదట చూసేది ఆ ఖాళీ ఫ్రీజరును, ఆ తర్వాత జనరేటరుకు ఎన్ని రోజుల డీజిల్ నిల్వ ఉందో.