సర్దుకుపోవడమా, నేర్చుకోవడమా?

అత్తారింటికి పంపేటప్పుడు ఆడపిల్లకి చెప్పే మొదటి బుద్ధి ‘సర్దుకుపో’. ఇప్పుడు అదే మాట ‘మార్పుకి అలవాటు పడడం’ అని పేరు మార్చుకుని ఆఫీసుల్లో తిరుగుతోంది. పద్ధతులు మారాయా, పని చేస్తూనే నేర్చుకోండి అంటాయి శిక్షణ పుస్తకాలు. ఈ ఆలోచనకి ఆద్యుడిగా చెప్పుకునే రెజినాల్డ్ రెవాన్స్ (1907-2003)ని స్త్రీల వైపు నుంచి చదివితే ఏం కనిపిస్తుంది?

1940లలో బ్రిటన్ జాతీయ బొగ్గు బోర్డులో పనిచేసిన రెవాన్స్ ఒక విషయం గట్టిగా నమ్మాడు. బయటి నిపుణుల ఉపన్యాసాలకంటే, పనిలో ఉన్నవాళ్ళు ఒకచోట కూర్చుని ఒకరి చిక్కుల్ని ఒకరు ప్రశ్నించుకుంటేనే ఎక్కువ నేర్చుకుంటారని. దాన్నొక చిన్న సమీకరణం చేశాడు: పుస్తకజ్ఞానానికి ప్రశ్న తోడైతేనే నేర్చుకోవడం. ఆస్పత్రుల మీద 1964లో వచ్చిన పుస్తకంలో, శిక్షణలో ఉన్న నర్సుల మాట పైవాళ్ళు వినడానికీ, ఆ నర్సులు పనిలో నిలబడడానికీ, రోగులు త్వరగా కోలుకోవడానికీ సంబంధం ఉందని చూపించాడు.

మనకిది కొత్త కాదు. పి.సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు సర్టిఫికెట్ల కోసం పుట్టింటికి వెళ్తుంది. పేరు దొరికింది కాగితాల్లో కాదు, తనని ఎరిగిన స్నేహితురాలి పిలుపులో. అయితే ముందు ‘నా పేరేమిటి?’ అని తనే అడిగింది.

నా పేచీ అంతా ఆ ప్రశ్న గురించే. అదెవరు అడగొచ్చు, ఎంతదాకా అడగొచ్చు?

అంగన్‌వాడీ టీచర్లనే చూడండి. 1975లో మొదలైన ఐసిడిఎస్‌లో ఏళ్ళ తరబడి రిజిస్టర్లు రాసిన వాళ్ళ చేతికి 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. 2025 జులై నుంచి, ఇంటికిచ్చే రేషన్‌కి ముఖ గుర్తింపు కూడా తోడయింది. మీటింగులకొచ్చినప్పుడు ఒకరి ఫోను ఒకరు చూసీ, ఇంట్లో చదువుకునే పిల్లల్ని అడిగీ నేర్చుకునే వాళ్ళెందరో. రెవాన్స్ చెప్పిన చదువు ఇదే. కానీ ఆ గంటలు ఏ పనిలెక్కలోకీ రావు. ‘ఎలా?’ అని అడిగితే నైపుణ్యం అంటారు. ‘ఎందుకు? ఎంత జీతానికి?’ అని అడిగితే క్రమశిక్షణ లేదంటారు.

గ్రాట్యుటీకి వీళ్ళు అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. అయినా ఆ గ్రాట్యుటీ కోసం, కనీస వేతనం కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న సమ్మెకి దిగాల్సి వచ్చింది. 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అన్న గుర్తింపు సమ్మె ఆపడానికి పనికొచ్చింది గానీ, చేతికొచ్చేది మాత్రం జీతం కాదు, ‘గౌరవ వేతనం’! ఈ మాటల తేడాని చదవడం సాహిత్య విమర్శకుల పని కాదా?

రెవాన్స్‌ని తప్పుపట్టను. ఆయన పుస్తకజ్ఞానం కంటే ప్రశ్నకే పెద్దపీట వేశాడు. ఆయన పేరు చెప్పుకునే శిక్షణల్లో చాలాచోట్ల ‘చేస్తూ నేర్చుకోవడం’ మిగిలి, ప్రశ్న జారిపోయింది. ప్రశ్న లేకుండా నేర్చుకోవడమంటే మళ్ళీ సర్దుకుపోవడమే.

ఆ సమ్మె 42 రోజులు సాగింది. శిబిరంలో కూర్చోవడం, మైకులో మాట్లాడడం, అధికారులకి జవాబివ్వడం ఇవన్నీ చేస్తూ నేర్చుకున్నవే. ఉద్యోగినుల మీద మనం రాసిన కథల్లో అలసట ఉంది, రెండు చాకిరీల బరువు ఉంది. ఈ చదువుకి మాత్రం ఇంకా చోటు చాలలేదు.