నిచ్చెన మెట్లు, లెక్కల పద్దు

మా ఊళ్ళో పాత బడి స్థలాన్ని దుకాణాలకు ఇవ్వడానికి ప్లానింగ్ బోర్డు నిర్ణయించిన సంగతి బుల్డోజర్లు వచ్చేదాకా మాకు తెలియలేదు. నోటీసు టౌన్ హాలు గోడకు అంటించారట. స్థానిక పత్రికలో చిన్న అక్షరాలతో వేశారట. బహిరంగ విచారణలో మనిషికి మూడు నిమిషాలు మాట్లాడనిచ్చారట. ఇన్ని "అట"లు ఎందుకంటే, ఆ సాయంత్రం మనవాళ్ళలో ఒక్కరూ అక్కడికి వెళ్ళలేదు. అందరమూ ఉగాది నాటకం రిహార్సల్‌లో ఉన్నాము.

ఆ సిగ్గుతోనే షెర్రీ ఆర్న్‌స్టైన్ వ్రాసిన "పౌరుల భాగస్వామ్యానికి నిచ్చెన" అనే వ్యాసాన్ని మళ్ళీ తీసి చదివాము. అమెరికన్ ప్లానర్ల సంస్థ పత్రికలో 1969 జూలైలో వచ్చిన ఈ చిన్న వ్యాసాన్ని ఊళ్ళ ప్రణాళికలను గురించి మాట్లాడేవారు నేటికీ వల్లిస్తూనే ఉన్నారు. 1966 చట్టంతో "మోడల్ సిటీస్" పథకం వచ్చినప్పుడు, పౌరుల భాగస్వామ్యం విషయమై పట్టణాభివృద్ధి శాఖకు సలహాదారుగా పనిచేసినావిడ ఈమె. పేదవాడల బాగు పేరిట జరిగే సభలను లోపలినుంచి చూసి వ్రాసింది.

ఆమె నిచ్చెనకు ఎనిమిది మెట్లు. అడుగున మభ్యపెట్టడం, దానిపైన చికిత్స, అంటే జనానికే ఏదో జబ్బున్నట్టు నయం చేయబోవడం. ఈ రెండూ అసలు భాగస్వామ్యమే కావంటుంది. తరువాత సమాచారం చెప్పడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం. ఇవి నామమాత్రం. ఆపైన భాగస్వామ్యం, అధికారం అప్పగించడం, అన్నిటికన్నా పైన పౌరుల అదుపు. అధికారం చేతులు మారకుండా జనాన్ని సభకు పిలవడం ఉత్త తంతు అన్నది ఆమె వాదన సారాంశం.

ఈ వ్యాసపు గొప్పతనం దాని ధైర్యంలో ఉంది. మా ఊరి విచారణనే తీసుకోండి. వింటారు, విన్నట్టు వ్రాసుకుంటారు, ముందుగా తలచుకున్నదే చేస్తారు. అది నాలుగో మెట్టు అని వేలు పెట్టి చూపించగల మాట మనకు ఆమె ఇచ్చింది. తన నిచ్చెన నిజానికి మరీ సరళమనీ, జనమంతా ఒకటి కాదనీ, పాలకులంతా ఒకటి కాదనీ, అసలు లోకంలో మెట్లు నూటయాభై ఉండవచ్చుననీ కూడా ఆమే ఒప్పుకుంది. కాబట్టి ఆ తప్పులు మేము మళ్ళీ పట్టడం లేదు.

మా అభ్యంతరం వేరు. చిన్నప్పుడు వైకుంఠపాళి ఆడినవాళ్ళం మనం. నిచ్చెన ఉన్న పటంలో పాము కూడా ఉంటుందని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆర్న్‌స్టైన్ పటంలో పాములు లేవు. ఎక్కినవాడు ఎక్కిన మెట్టు మీదే ఉంటాడన్నట్టు బొమ్మ గీసింది. ఆమె పనిచేసిన మోడల్ సిటీస్ పథకమే 1974లో ముగిసిపోయింది. మన దగ్గర 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్ ప్రారంభించాడు. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, అయిదేళ్ళకొకసారి ఎన్నిక జరిగి తీరాలన్నది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎన్నికైన గ్రామ పంచాయతీల గడువు 2018లో తీరితే, తిరిగి ఎన్నికలు జరిగింది 2021లో. నడుమ ప్రత్యేకాధికారులే ఊళ్ళను ఏలారు. మెట్టు చట్టంలో ఉంది, మనిషి మాత్రం కింద ఉన్నాడు.

మరి పామునుంచి కాపాడేదేమిటి? దీనికి ఆర్న్‌స్టైన్ వ్యాసంలో జవాబు దొరకలేదు కాని, ఆంధ్ర దేశపు పల్లెల్లో కొంత దొరికింది. 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం, పనులన్నిటికీ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలన్నది. అంతకు ముందే 1994నుంచి రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌వారు ప్రభుత్వ లెక్కలను జనం ముందు చదివించే సభలు నడిపారు. ఆంధ్రప్రదేశ్ 2006నుంచి దీన్ని రాష్ట్రమంతటా చేపట్టింది. కూలీల కుటుంబాల పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టరు రోళ్ళు చేతికిచ్చి ఇంటింటికీ పంపారు. "నువ్వు ఇన్ని రోజులు పనిచేశావని ఉంది, నిజమేనా? ఇంత డబ్బు ముట్టిందా?" అని అడగడమే వారి పని. తరువాత మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ఎదుటే అవన్నీ పైకి చదివారు. చచ్చిపోయినవారి పేరిట, ఊరు విడిచిపోయినవారి పేరిట పడిన కూలి ఇలా బయటపడింది.

దీన్ని కూడా మేము నెత్తికెత్తుకోవడం లేదు. తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది కొద్ది భాగమే. అయినా ఒక తేడా ఉంది. ఆర్న్‌స్టైన్ నిచ్చెన "నిర్ణయించేటప్పుడు మమ్మల్ని లెక్కలోకి తీసుకున్నారా?" అని అడుగుతుంది. సామాజిక తనిఖీ "చేసిన తరువాత మాకు లెక్క చెప్పారా?" అని అడుగుతుంది. తెలుగులో రెండిటికీ లెక్క అన్న మాటే చాలు. మొదటి లెక్క జరిగి రెండవది జరగకపోతే, పై మెట్టు మీద కూర్చున్న పౌరుడు కూడా మరో చిన్న దొర అవుతాడు. ఈ మాటకు ఆమె నిచ్చెనలో ప్రత్యేకంగా ఒక మెట్టు లేదు. ఆ వ్యాసానికి అదే పెద్ద లోటని మేము అనుకుంటున్నాము.

ఇంత చెప్పి మన ఇంటి సంగతి చెప్పకపోతే తప్పు. మన సంఘంలో మనమే ఓటర్లం, మనమే కార్యవర్గం. ఆర్న్‌స్టైన్ కొలతతో చూస్తే ఎనిమిదో మెట్టు మీద ఉన్నాము. కాని వార్షిక సమావేశంలో కోశాధికారి కాగితం తీయగానే ఎవరో ఒకరు "భోజనాలు చల్లారిపోతున్నాయండీ, ఆమోదించేద్దాం" అంటారు. చప్పట్లు కొడతాము. పులిహోర దగ్గర బారు తీరుతాము. కోశాధికారి నిజాయితీపరుడే, అందులో మాకు అనుమానం లేదు. కాని ఎవరూ అడగని లెక్క చెప్పవలసి రావడం ఆయనకూ మర్యాద కాదు. ఇంట్లో లెక్క అడగడం మొహమాటమైనవాళ్ళం, టౌన్ హాలులో మైకు ముందు నిలబడి అడుగుతామా?

అందుచేత మాదొక మనవి. ఈసారి సమావేశంలో భోజనానికి ముందు అరగంట లెక్కలకు కేటాయించి, పద్దులు ఒక్కొక్కటే పైకి చదివించండి. ఒక్కరైనా ఒక ప్రశ్న అడగండి. అలాగే నెలకు ఇద్దరు సభ్యులు వంతులవారీగా ప్లానింగ్ బోర్డు సమావేశానికి వెళ్ళి, విన్నది ఈ పత్రికకు వ్రాసి పంపండి. మొదటి వంతు మేమే తీసుకుంటాము. బడి స్థలం ఎలాగూ పోయింది. దాని పక్కనే పిల్లలు ఆడుకునే మైదానం ఒకటి ఇంకా మిగిలి ఉంది.