ఇందూరు చెఱసాలలో పద్యము, కథ

నిజామాబాదు పట్టణమున, ఇందూరు ఖిల్లా గుట్టపై రఘునాథాలయము కలదు. నిజాము పాలనలో ఆ ఖిల్లా చెఱసాలగా నుండెను. 1948లో దాశరథి కృష్ణమాచార్యులును, వట్టికోట ఆళ్వారుస్వామియు రాజకీయ బందీలుగా అచట కలసియుండిరి. పండ్లు తోముకొనుటకిచ్చిన బొగ్గుతో దాశరథి గోడపై పద్యములు వ్రాయుటయు, అధికారులు వానిని చెఱిపించుటయు, ఆయన మరల వ్రాయుటయు మన విద్యార్థులెల్లరు నెఱిగిన వృత్తాంతమే. విమర్శకులు దీనిని ధిక్కారమునకు నిదర్శనముగా గ్రహించుచున్నారు. అది సత్యమే. కాని విషయము అంతతో ముగియదని మా అభిప్రాయము.

కాగితము లేనిచోట పద్యమునకు నిలువ నీడ జ్ఞాపకమొక్కటియే. గోడపై సున్నము పడినను పద్యము పోలేదనిన, అది గణముల గతిలో, యతి కట్టుబాటులో నుండుటయే కారణము. ఛందస్సును సంకెలగా వర్ణించువారు ఈ చెఱసాలను తలపవలెను. సంకెలలలో నున్నవానికి అది దస్తరమైనది. పద్యమును లోలోపల మరల మరల చదువుకొనుట మనస్సు చెదరకుండ కాచుకొనుటయే. అయినను ఆ పద్యములు ప్రభువును నిలదీయునవి. వానియందు ఆత్మపరిశీలనమునకు తావు తక్కువ. దానికై ప్రక్కనున్న మిత్రుని యొద్దకు పోవలెను.

ఆళ్వారుస్వామి (1915–1961) 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మోసికొనిపోయి ఊరూర అమ్మినవాడు. దాశరథి తన 'అగ్నిధార'ను 1949లో ఈయనకే అంకితమిచ్చెను. ఈయన కథాసంపుటి 'జైలు లోపల'. రాజకీయ బందీ తన త్యాగమును గూర్చి వ్రాసికొనుట సులభము. ఈయన చూపు మాత్రము నేరము మోపబడి వచ్చిన సామాన్య ఖైదీలపై నిలిచెను. వారు నేరస్థులుగా పుట్టలేదు, లోకము వారినట్లు చేసినదని ఆయన నిశ్చయము. అందొక కథకు 'పరిగె' యని పేరు. కోతలైన పిమ్మట చేనిలో రాలిన కంకులను ఏరుకొనుటకు తెలంగాణపు పల్లెలలో నున్న మాట యిది. ఆళ్వారుస్వామి కథనమంతయు ఒక విధమైన పరిగె యని మాకు తోచును. చరిత్రకారులు కోసికొనిపోగా మిగిలిన బ్రతుకులను ఆయన ఏరెను. అట్లు ఏరుటలో, తానును ఆ మనుష్యులును ఒకే గోడ లోపల నున్నామను ఎఱుక కలుగక మానదు. 'అగ్నిధార'ను పాఠ్యముగా బోధించు మనము ఈ సంపుటిని పేరు చెప్పి విడిచిపెట్టుట న్యాయము కాదు.

కథ చెప్పుకొనుట మనస్సునకు స్వస్థత నిచ్చునని నేడు తఱచుగా వినుచున్నాము. చెఱసాల ఆశ్రమము కాదు. అచట లాఠీలుండెను. ఆ చోటును సృజనకు అనువుగా చేసికొన్నవారు ఖైదీలే గాని కట్టించినవారు కారు. మఱియు, చెప్పువానికి మేలు కలుగవలెనన్న, తొందరయు తీర్పును లేక వినువాడొకడుండవలెను. ఈ రెండవ పాత్రను మన విమర్శ ఎన్నడును లెక్కింపలేదు.

నిజామాబాదునకు పడమట సుమారు 25 కిలోమీటర్ల దూరమున బోధన్ కలదు. 1937లో అచట వెలసిన నిజాం చక్కెర కర్మాగారము చుట్టును శక్కర్‌నగరు ఏర్పడినది. చెఱకు సాగు పెరిగినది. 2015లో ఆ కర్మాగారము మూతపడినది. కొంతకాలము క్రిందట మేము అచ్చు వేయించిన ప్రశ్నావళితో అచటికి పోయి, పూర్వము పనిచేసిన ఒక వృద్ధ కార్మికుని ప్రశ్నించితిమి. ఇరువది ప్రశ్నలకును ఆయన "అవును", "కాదు" అనియే బదులు చెప్పెను. విసిగి కాగితములు సంచిలో పెట్టితిమి. టీ తెప్పించి, అప్పుడాయన మొదలుపెట్టెను: చెఱకు బండ్ల వరుస, రాత్రి పాళీ, క్రషింగు ఆగిననాటి నిశ్శబ్దము, తండ్రితో జరిగిన పాత తగవు, అందు తన తప్పెంతయో నను విచారము. ప్రొద్దు గూకినది. లేవబోవుచుండగా, "గింతసేపు చెప్పిన గదా, ఏం రాసుకోకపోతిరి సారూ?" అని ఆయన నవ్వెను.