ఏం మానేశారు?

గుండె బలహీనపడి ఏళ్ల తరబడి మందుల మీద ఉన్నవాళ్లని ఓపీలో "ఎలా ఉన్నారు?" అంటే "పర్లేదండీ" అనే అంటారు. అబద్ధం కాదు. ఆయాసమొస్తోందని ముందు మేడ ఎక్కడం మానేస్తారు, తర్వాత బజారుకెళ్లడం, ఆ తర్వాత గుడికి. కదలకపోతే ఆయాసమెక్కడిది? అందుకే నేను "ఏం మానేశారు?" అని అడుగుతాను. అప్పుడు పక్కనున్న భార్య అందుకుంటుంది: "మూడు దిళ్లేసినా పడుకోలేకపోతున్నారండీ, కుర్చీలోనే నిద్ర."

ఇంట్లోవాళ్ల కన్నంతా ఎకో రిపోర్టులోని ఈఎఫ్ మీద, అంటే గుండె పంపింగ్ శాతం మీద. ముప్ఫై కాస్తా ముప్ఫై ఐదైతే స్వీట్లు పంచేలా ఉంటారు. ఈఎఫ్ 25తో పొలానికెళ్లి వచ్చేవాళ్లున్నారు, 55 ఉండీ స్నానానికే అలిసిపోయేవాళ్లూ ఉన్నారు. ఇలాంటి అవస్థలు కొలవడానికే 1984లో అమెరికాలోని మిన్నెసోటాలో 21 ప్రశ్నల పత్రం తయారుచేశారు. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు. మొత్తం 105, ఎంత ఎక్కువొస్తే అంత ఇబ్బంది. కాళ్ల వాపు, నిద్ర ఎలాగూ ఉంటాయి. ఇంట్లోవాళ్లకి బరువయ్యానన్న దిగులు, వైద్యం ఖర్చు, దాంపత్యం కూడా అందులో ఉన్నాయి. ఆ చివరిది కొడుకు పక్కన నిలబడి ఉండగా ఎవరడుగుతారు? చీటీ చేతికిచ్చి అతన్ని మందుల షాపుకి పంపి అడుగుతాను.

అన్నిటికంటే పెద్ద పేచీ నీరు తీసే బిళ్లతో. ఫ్యూరోసెమైడ్ వేసుకున్న గంటలోపే పని మొదలుపెట్టి, ఆరేడు గంటలు ఒకటికి తిప్పుతూనే ఉంటుంది. అందుకని పెళ్లికో, బస్సు ప్రయాణానికో ముందు చెప్పాపెట్టకుండా ఆపేస్తారు, ముఖ్యంగా ఆడవాళ్లు. మన బస్టాండుల్లో మరుగుదొడ్లు చూసినవాణ్ని, వాళ్లని కోప్పడలేను. చాలామందికి బిళ్ల మానక్కర్లేదు, డాక్టరుతో మాట్లాడి ఆ రోజుకి వేళ మార్చుకుంటే చాలు. ఈ ముక్క మేమే ముందు చెప్పాలి, చెప్పం. రోజూ పొద్దున్నే ఒకటికి వెళ్లొచ్చి, టిఫిను తినకముందే బరువు చూసుకోమంటాం. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్లు కాదు, నీరు.

ఉప్పు తగ్గించమంటే కూరలో తగ్గిస్తారు. ఆవకాయ మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

బిళ్ల వేళ మార్చుకుని మనవరాలి పెళ్లికి వెళ్లొచ్చిన ఒక పెద్దావిడ మొన్న సంబరంగా వచ్చింది. భోజనంలో అప్పడాలు తిన్నారా అన్నాను. "వడియాలు కూడా" అంది. వారం పాటు రోజూ బరువు ఫోన్లో చెప్పమన్నాను.